నలభై బల్లల ఎడమ అంచు

మొన్న తార్నాకలో మెట్రో దిగి ఇంటికి నడుస్తూ మిరపకాయ బజ్జీల బండి దగ్గర ఆగాను. బజ్జీల కోసం కాదు, డాక్టరు వద్దన్న తర్వాత అవి మానేసి చాలా కాలమైంది. గాలికి పొయ్యి ఆరిపోకుండా బండివాడు అడ్డం పెట్టుకున్న చెక్కను చూసి ఆగాను. నూనె పట్టి నల్లబడిపోయింది గానీ, అది ఇంజనీరింగు పిల్లలు కాగితం పరిచి బొమ్మలు గీసుకునే డ్రాయింగు బల్ల. మూలన నల్లరంగుతో వేసిన నంబరు సగం మిగిలి ఉంది. ఎక్కడిదని అడిగితే "క్యాంపస్‌ల పాత సామాను అమ్మితె తెచ్చిన అమ్మా. ఇంటికాడ ఇంక ఉన్నయి, కావాల్నా?" అన్నాడు. నేను దాని ఎడమ అంచు మీద వేలు పెట్టి పైనుంచి కిందికి జరిపాను. అరవై దాటిన ఆడమనిషి, చేతిలో కూరగాయల సంచితో, జిడ్డు చెక్కను నిమురుతుంటే ఎవరికైనా అనుమానమే. అతను కూడా అలాగే చూశాడు. నాకు మాత్రం పాత గాభరా మొదలైంది. ఇప్పుడు ఆ అంచు ఎట్లా ఉంటే ఎవరికి నష్టం? ఆ మాట నాకు నేను చెప్పుకుంటూనే ఇంటికి చేరాను, దడ తగ్గడానికి మాత్రం రెండు గ్లాసుల నీళ్లు పట్టాయి.

నేను భయస్తురాలిని. గ్యాసు కట్టానో లేదోనని సగం దారి నుంచి వెనక్కి వచ్చే రకం. తాళం వేసి మూడుసార్లు లాగి చూస్తాను. మా పిల్లలు దాన్ని ఒక రోగంలా చెప్పుకుని నవ్వుతారు. నవ్వనీ. ఆ రోగం ఏ ఎండాకాలంలో, ఏ షెడ్డులో పట్టుకుందో నాకు బాగా తెలుసు.

మా నాయిన బాలయ్య యూనివర్సిటీ వర్క్‌షాపులో వడ్రంగి. అది తాతల నుంచి వచ్చిన పని కాదు. మా తాతలు జొన్నలు, కందులు పండించినవాళ్లు. వానలు మొహం చాటేసిన ఏడు నాయిన ఊరు విడిచి వచ్చి, క్యాంపస్‌లో చెట్లకు నీళ్లు పోసే కూలీగా చేరాడు. మధ్యాహ్నం అందరూ అన్నం తిని కునుకు తీస్తుంటే ఆయన వర్క్‌షాపు గుమ్మంలో నిలబడి చూసేవాడట. అట్లా చూసి చూసి రంద పట్టడం నేర్చుకున్నాడు. కొన్ని చోట్ల దాన్ని చిత్రిక అంటారు, మా ఇంట్లో అది రందే. వర్క్‌షాపు వెనక వరసలో మాకు ఒక క్వార్టరు ఇచ్చారు. ఒక గది, ఒక వంటిల్లు, ముందు రేకుల పంచ. ఆ ఇంట్లో అన్నిటికీ దేవదారు వాసన ఉండేది. అమ్మ చీరలకు, దుప్పట్లకు, చివరికి పప్పుకు కూడా. ఎందుకంటే పొయ్యి రాజేసేది రంద పొట్టుతోనే. ఉంగరాలు ఉంగరాలుగా చుట్టుకున్న ఆ పలచటి పొట్టును నాయిన రోజూ ఒక సంచి నిండా తెచ్చేవాడు. ఆదివారం తెల్లచొక్కా వేసుకుని చర్చికి వచ్చినా, ప్రార్థన మధ్యలో జేబులోంచి చేతిరుమాలు తీస్తే రెండు ఉంగరాలు నేల మీద రాలేవి. అమ్మ కళ్లు మూసుకునే మోచేత్తో పొడిచేది.

సాయంత్రం టీ తాగిన తర్వాత పంచలో కూర్చుని రంద బ్లేడు నూరడం ఆయనకు పూజలాంటిది. రాయి మీద రెండు చుక్కల కిరసనాయిలు వేసి, ఎనిమిది అంకె గీస్తున్నట్టు బ్లేడును తిప్పేవాడు. మాటలు ఉండవు. పదును వచ్చిందో లేదో ఎడమ ముంజేతి మీద వెంట్రుకలు గీసి చూసుకునేవాడు. అందుకే ఆ చేతి మీద ఒక జానెడు మేర ఎప్పుడూ నున్నగా ఉండేది. "కాల్చిన కోడి లెక్క ఉన్నది నీ చెయ్యి" అనేది అమ్మ. "కోడి రోజు దొరకది గద, దీన్నే సూసుకో" అనేవాడు నాయిన. ఆయన హాస్యం అంతవరకే, మళ్లీ బ్లేడులో పడిపోయేవాడు.

ప్రతి ఎండాకాలం సెలవుల్లో ఇంజనీరింగు కాలేజీ నుంచి డ్రాయింగు బల్లలు వర్క్‌షాపుకు వచ్చేవి. ఏడాదంతా పిల్లలు వాటిని కింద పడేసేవాళ్లు, పెన్సిళ్లు చెక్కుతూ అంచులు కోసేవాళ్లు. ఆ అంచులు మళ్లీ తిన్నగా చేయడం నాయిన పని. బల్లకు నాలుగు అంచులున్నా ప్రాణమంతా ఎడమ అంచులోనే. టీ స్క్వేరు అనే పొడుగు బద్ద తలను ఆ అంచుకు ఆనించి పైకీ కిందికీ జరుపుతూ గీతలు గీస్తారు. అంచు తిన్నగా ఉంటే గీతలన్నీ ఒకదాని కింద ఒకటి బుద్ధిగా ఉంటాయి. అంచుకు బొజ్జ వస్తే టీ స్క్వేరు తల ఊగుతుంది, గీతలు పక్కచూపులు చూస్తాయి. రంద పట్టేటప్పుడు మొదట్లో ముందు పిడి మీద, చివర్లో వెనక పిడి మీద బరువు వేయాలి. ఆ లెక్క తప్పితే రెండు కొసలూ అరిగి నడుమ బొజ్జ మిగులుతుంది.

"అంచుకు రెండు పరీక్షలు బిడ్డా" అని నాయిన నాకు చిన్నప్పుడే చెప్పాడు. "పొడుగుకు కన్ను, నిలువుకు గునియా." కన్ను అంటే, బల్లను ఎత్తి, ఎడమ కన్ను మూసి, కుడి కంటితో అంచు వెంబడి చివరిదాకా చూడటం. లేదా ఒక ఇనుప బద్దను అంచు మీద నిలబెట్టి దాని కింద నుంచి వెలుతురు వస్తుందేమో చూడటం. గునియా వేరు. కట్టె పిడికి అడ్డంగా ఇనుప నాలుక బిగించిన మూలమట్టం అది. అంచు ఒక పక్కకు ఒరగకుండా నిటారుగా ఉందో లేదో చెప్తుంది. ఈ రెంటిలో ఒకటి తప్పు చెప్పినా బల్ల పోయినట్టే అనుకునేదాన్ని నేను.

ఇంటర్ పరీక్షలు రాసి ఫలితాల కోసం ఎదురుచూస్తున్న ఎండాకాలం అది. మధ్యాహ్నం నాయినకు అన్నం టిఫిను పట్టుకెళ్లడం, ఆయన చేసిన బల్లల వెనక సుద్దముక్కతో ఒకటి, రెండు అని నంబర్లు వేయడం నా పని. నలభై బల్లలు వచ్చాయి. ఆ ఏడు నాయిన తన పని బల్లను షెడ్డు మధ్య నుంచి గుమ్మం దగ్గరికి జరుపుకున్నాడు. లోపల బల్బులు గుడ్డివి, ఎవరూ మారుస్తలేరు అని సణిగేవాడు. అంచును కంటితో చూసిన తర్వాత బొటనవేలితో కూడా మళ్లీ మళ్లీ తడిమేవాడు. నాకు అందులో వింతేమీ కనబడలేదు.

పన్నెండు బల్లలు అయిన రోజు నాయిన టీకి వెళ్లాడు. నా దగ్గర క్యాంపస్ చెట్టు కింద ఏరుకున్న పచ్చి మామిడికాయ ఉంది, కొట్టడానికి ఏమీ లేదు. చేతికి గునియా దొరికింది. దాని కట్టె పిడితో ఒక్క దెబ్బ వేశాను. కాయ పగిలింది గానీ గునియా చేతిలోంచి జారి బండల మీద పడింది, నాలుక కొస నేలకు తగిలి ఖంగుమంది. తీసి చూశాను. ఎప్పటిలాగే ఉంది. ఉన్నచోట పెట్టేశాను. ఉప్పూ కారం పొట్లం విప్పకుండానే మామిడికాయ అవతల పారేశాను. తినాలనిపించలేదు.

మర్నాడు నాయిన లేనప్పుడు దాన్ని పరీక్ష చేశాను. పనికిరాని చెక్క అంచుకు గునియా ఆనించి ఒక గీత గీయాలి. తర్వాత గునియాను బోర్లా తిప్పి అదే చోట మరో గీత గీయాలి. రెండు గీతలూ ఒకటైపోతే గునియా నిజం చెప్తున్నట్టు. నా గీతలు మొదట్లో కలిసే ఉన్నాయి, కొసకు వచ్చేసరికి నూలుపోగంత ఎడంగా విడిపోయాయి. మళ్లీ గీశాను, మళ్లీ విడిపోయాయి. చెక్కను పొట్టు సంచిలో దాచి ఇంటికి తీసుకెళ్లి పొయ్యిలో పెట్టాను.

ఎందుకు చెప్పలేదని ఇప్పుడు అడిగితే నా దగ్గర మంచి కారణం లేదు. నాయిన కొట్టే మనిషి కాదు, తిట్టే మనిషీ కాదు, అదే నా కష్టం. మొదటి రోజు చెప్తే ఒక్క బల్ల పోయేది. రెండో రోజుకు మూడు. ఒక్కో నంబరు వేస్తున్న కొద్దీ నోరు ఇంకా మూసుకుపోయింది. ఇరవై ఏళ్లలో నాయిన చేసిన బల్ల ఒక్కటి వెనక్కి రాలేదు. కూలీగా వచ్చినవాడు షెడ్డులో రంద పట్టుకుని నిలబడగలిగింది ఆ పేరు మీదే. పేరు పోతే రంద పోతుంది, రంద పోతే ఏమవుతుందో నేను చూశాను. మా షెడ్డులోనే పని చేస్తూ మెషీన్‌లో పడి వేళ్లు పోయిన సాయిలు చిన్నాయనను గేటు దగ్గర కర్ర ఇచ్చి కూర్చోబెట్టారు. జీతం ఇచ్చేవాళ్లు గానీ, షెడ్డులోకి వస్తే ఎందుకొచ్చినవన్నట్టు చూసేవాళ్లు. నాయిన కూడా నా మూలంగా ఆ గేటు దగ్గర కూర్చుని ఉన్నట్టు నాకు పగలే కనబడేది. ఆ నెల సంస్కారపు ఆదివారం రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి ముందుకు వెళ్లలేకపోయాను. కడుపునొప్పి అన్నాను. అమ్మ ఇంటికొచ్చి వాము నీళ్లు పట్టించింది, మంట పుట్టేదాకా తాగాను.

కాలేజీ తెరిచిన వారానికి డ్రాయింగు సారు తనే వర్క్‌షాపుకు వచ్చాడు. చంకలో టీ స్క్వేరు, వెనక ప్యూను చేతిలో రెండు బల్లలు. మా ఫోర్‌మన్ ఖాదర్ సాబ్ ఆయన్ను వెంటబెట్టుకుని నాయిన దగ్గరికి తెచ్చాడు. నేను టిఫిను పట్టుకుని అక్కడే ఉన్నాను. సారు బల్లను నిలబెట్టి, టీ స్క్వేరు తలను ఎడమ అంచుకు ఆనించి వేలితో నొక్కాడు. అది టకటక ఊగింది.

"చూడండి. ఒక గీత కింద ఇంకో గీత గీస్తే రెండూ పోయి కలుస్తున్నాయి. నలభైలో ఒక్కటి పనికి రాదు" అన్నాడు.

ఖాదర్ సాబ్ కేకలు వేసే మనిషి కాదు. నాయిన భుజం మీద చెయ్యి వేశాడు. "బాలయ్యా, ఏమైంది భై? ఇన్నేండ్లల్ల నీ బల్ల ఒక్కటి వాపస్ రాలే. తబియత్ మంచిగున్నదా? కండ్లు గిట్ల చూపించుకోరాదు ఒకసారి. దవాఖాన్లకు నేనే చిట్టి రాసిస్త."

నాయిన చేతులు తుడుచుకున్నాడు, తుడిచిన చేతులనే మళ్లీ తుడుచుకున్నాడు. ఆయన ముఖం అట్లా పాలిపోవడం నేను ఎప్పుడూ చూడలేదు. "నేనే సార్" అన్నాను. "గునియా నేను కింద పడేసిన. మామిడికాయ కొట్టిన దానితోని. తప్పింది అది. నాయినకు చెప్పలే."

ఖాదర్ సాబ్ గునియా తీసుకుని గీత గీసి, తిప్పి మళ్లీ గీశాడు. కళ్లద్దాలు పైకి తోసి దగ్గరగా చూశాడు. "అరె, నిజమే. తప్పింది" అన్నాడు. నాయిన నా వైపు చూశాడు. చాలాసేపు చూసినట్టు నాకు గుర్తు. తర్వాత ఖాదర్ సాబ్‌తో "ఔ సాబ్, గునియా తప్పింది. నేను చూసుకోలే" అన్నాడు. నా వైపు తిరిగి ఎప్పుడూ లేనంత గట్టిగా "పడేసి చెప్పకపోతివి. ఇన్ని బల్లలు ఖరాబ్ చేస్తివి. ఇప్పుడు అన్ని సాపు అయ్యేదాక రోజు గీడ కూసోవాలె. ఒక్కొక్క అంచు నువ్వే చూడాలె" అన్నాడు. షెడ్డులో ఉన్న అందరూ విన్నారు. నాకు ఏడుపు రాలేదు. ఆ రాత్రి అన్నం రెండుసార్లు పెట్టించుకున్నాను.

శిక్ష మొదలైంది. నాయిన రంద పడతాడు, నేను మోకాళ్ల మీద కూర్చుని ఇనుప బద్ద కింద వెలుతురు చూస్తాను. "ఎక్కడ?" అంటాడు. "రెండు కొసలకు వస్తున్నది. నడుమల లేదు" అంటాను. నడుమ మీద రెండు సార్లు రంద నడుస్తుంది, పలచటి పొట్టు నా ఒళ్లో పడుతుంది. మళ్లీ "ఎక్కడ?" అటూ ఇటూ పోయే పనివాళ్లు "జైలు ఎన్ని దినాలు బిడ్డా?" అని ఆటపట్టించేవాళ్లు. నాయిన వాళ్లతో కలిసి నవ్వేవాడు. ఆయన తనంతట తాను అంచు వెంబడి చూడటం మానేశాడని నాకు మొదటి రెండు రోజులు తట్టలేదు. నా మీద కోపంతో నాకే వదిలేశాడనుకున్నాను.

మూడో రోజు ఒక బల్లను తిప్పితే వెనక నా సుద్ద అంకె కనిపించింది. ఏడు. మామిడికాయ రోజుకు ముందే అయిపోయిన బల్ల. దాని ఎడమ అంచుకు కూడా బొజ్జ ఉంది. నాలుగు వెతికాను, తొమ్మిది వెతికాను. అన్నిటికీ ఉంది. గునియా అప్పటికి పడనే లేదు. అసలు గునియా తప్పితే అంచు ఒరుగుతుంది గానీ బొజ్జ రాదు. బొజ్జను పట్టుకోవలసింది కన్ను. ఈ మాట నాకు నేర్పిన మనిషే నా ఎదురుగా రంద మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు.

అప్పుడు నేను ఒక పని చేశాను, ఇప్పటికీ తలచుకుంటే సిగ్గేస్తుంది. బద్దను అంచు మీద పెట్టి ఏమీ చెప్పకుండా ఊరుకున్నాను. దాని కింద కొసల దగ్గర జొన్నగింజ దూరేంత వెలుతురు ఉంది. "నువ్వే చూడు నాయినా" అన్నాను. ఆయన వంగాడు. ఎడమ కన్ను మూశాడు, తెరిచాడు, తల అటు ఇటు తిప్పాడు. "మంచిగనే ఉన్నది గద" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. నలుగురిలో నా మీద తోసేశాడని, నేను వణుకుతూ చెప్పిన నిజం వెనక నిలబడి తన సంగతి దాచుకున్నాడని. ఆ కోపం ఆ బల్ల అయిపోయేదాకా కూడా నిలవలేదు. భయం దాన్ని పక్కకు తోసేసింది. ఇన్నాళ్లూ నా మూలంగా నాయినను గేటు దగ్గర కూర్చోబెడతారని భయపడ్డాను. ఇప్పుడు భయం అదే, కారణం మాత్రం నేను కాదు. నా తప్పయితే దిద్దుకోవచ్చు, దీన్ని ఎట్లా దిద్దేది? ఖాదర్ సాబ్ చిట్టి రాస్తే, దవాఖానాలో ఎవరో బోర్డు మీద అక్షరాలు చూపించి చదవమంటే, అంతటితో రంద ముట్టనివ్వరు. "లేదు నాయినా" అన్నాను. "రెండు కొసలకు ఇంక వెలుతురు ఉన్నది. నడుమల మూడు జానలు పట్టు." ఆయన బొటనవేలితో అంచును చివరిదాకా తడిమాడు. తర్వాత "సరే బిడ్డా" అని రంద అందుకున్నాడు. మా ఇద్దరి మధ్య ఆ సంగతి గురించి నడిచిన సంభాషణ అంతే.

నలభై బల్లలూ వెళ్లిపోయాయి, ఒక్కటి తిరిగి రాలేదు. నా శిక్ష మాత్రం అయిపోలేదు. బీఏ, ఎంఏ అదే క్యాంపస్‌లో చదివాను. స్నేహితురాళ్లు క్యాంటీనుకు పోతుంటే నేను షెడ్డుకు పోయి అంచులు చూసేదాన్ని. అది అలవాటైపోయిందని అందరూ అనుకున్నారు. అమ్మ గోల్నాకలో చుట్టాలింటికి వెళ్లినా, నల్లకుంట మార్కెట్లో ఎవరు ఎదురుపడినా "మా సుగుణ మామిడికాయ కొట్టబోయి నలభై బల్లలు ఖరాబ్ చేసింది" అని చెప్పేది. నాయిన పక్కనే ఉండి నవ్వేవాడు, నేనూ నవ్వేదాన్ని. ఆయన సైకిల్ ఎక్కడం మానేసి, దాన్ని పట్టుకుని నడిపిస్తూ ఇంటికి వచ్చేవాడు. కాళ్లకు మంచిది అనేవాడు. ముందు చక్రం గుంతలో పడితే ఆయన ఆగేవాడు, అందుకే ఆ సైకిల్. నేను నిద్రలో కూడా గేటూ కర్రా చూసేదాన్ని. ఇప్పటి పిల్లలు కంప్యూటర్ల మీద గీస్తున్నారు, వాళ్ల గీతలకు అంచు అక్కర్లేదు. తార్నాకలో ప్రతి సందులో కళ్లు పరీక్ష చేసే దుకాణం ఉంది, ఏవో చుక్కలు వేసి చూపు నిలబెడుతున్నారు. మాకు ఆ రోజుల్లో తెలిసిన మందు దాచుకోవడం ఒక్కటే. అప్పటి కాలం మంచిదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

నాయిన రిటైరైన రోజు షెడ్డు ముందు షామియానా వేశారు. దండ, శాలువా, సమోసాలు. అంతకుముందే రిటైరైన ఖాదర్ సాబ్‌ను ముషీరాబాద్ నుంచి ఆటోలో తీసుకొచ్చారు. ఆయన మైకు పట్టుకుని, "మా బాలయ్య చేతిల ఒక్క తప్పు లేదు. ఉన్న ఒక్క తప్పు గూడ ఈయినది కాదు, గాడ వెనక కూసున్న బిడ్డది" అన్నాడు. అందరూ తిరిగి చూసి నవ్వారు. నేను అలవాటుగా నవ్వాను. నాయిన లేచాడు. మైకు ఎక్కడుందో చేత్తో వెతుక్కున్నాడు. ఏం చెప్పబోతున్నాడో నాకు అప్పుడే తెలిసిపోయింది. పింఛను కాగితాల మీద ఇంకా ఆఖరి సంతకం కాలేదు. ఇన్నేళ్లు కళ్లు కనబడవని దాచి పని చేశాడని తెలిస్తే ఆఫీసు వాళ్లు ఏం మెలిక పెడతారోనని వెనక వరసలో లేచి నిలబడి వద్దని తల ఊపాను. ఆగక రెండు చేతులూ ఎత్తి ఊపాను. పక్కవాళ్లు నా వైపు చూస్తున్నారు, అమ్మ కొంగు పట్టి లాగుతోంది.

"గా బల్లలు గునియాతోని చెడలే సాబ్" అన్నాడు నాయిన. "నా కండ్లతోని చెడినయి. నా బిడ్డ తప్పు ఏం లేదు. అప్పుడు చెప్పనీకె నాకు ధైర్యం లేకుండె."

నేను ఇంకా చేతులు ఊపుతూనే ఉన్నాను. ఆయనకు అంత దూరం కనబడదు.